రెండు కాళ్ళ క్యారెట్లు

"ఏటి బాబూ, ఏటి పీకేత్తన్నావు?"

వెనక నుంచి ఆ గొంతు వినిపించేసరికి నా చేతిలో రెండు గుప్పిళ్ళ కొత్తిమీర ఉంది. అది కొత్తిమీరేనని అప్పటికింకా నా గట్టి నమ్మకం.

"కొత్తిమీరండీ. చారులోకి కావాలని పిన్ని పంపింది. మీకు ముందే చెప్పానంది," అన్నాను.

నూకమ్మ గారు కళ్ళజోడు సవరించుకుని నా చేతిలోకి చూశారు. తర్వాత మడిలోకి చూశారు. తర్వాత ఇంట్లోకి తిరిగి, "పద్దూ, ఓలె పద్దూ, బేగి రా," అని పిలిచారు. ఆ పిలుపులో కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది.

పద్మశ్రీని మొదటిసారి చూడటం అలా జరిగింది. స్కూలుకి బయల్దేరుతోంది కాబోలు, చేతికి హెల్మెట్ తగిలించుకుని, నోట్లో హెయిర్‌పిన్ను పెట్టుకుని వచ్చింది. మడిని చూసి పిన్ను నోట్లోంచి తీసింది.

"హే భగవాన్. యే క్యా కర్ దియా ఆప్‌నే?"

"కొత్తిమీర..."

"వాసన చూడండి."

"నాకు రెండు రోజులుగా జలుబండీ."

"కొత్తిమీర మడి అదిగో, ఆ గోడవార ఉంది. ఇవి క్యారెట్లు. నాగుల చవితినాడు వేసినవి. అయినా తెంపకుండా వేళ్ళతో సహా ఎందుకు పీకారు?"

"మా కాకినాడ మార్కెట్లో కొత్తిమీర కట్టలు వేళ్ళతోనే వస్తాయి."

"కాకినాడలో బుద్ధి కూడా కట్టలుగానే అమ్ముతారేటి? ఒకటి తెచ్చుకోవాల్సింది."

స్కూటీ స్టార్ట్ చేసి వెళ్ళిపోయింది. నేను ఆ రెండు గుప్పిళ్ళూ ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడ్డాను.

నా పేరు భార్గవ్. స్టీలు ప్లాంటులో ట్రైనీ ఇంజనీరుగా జంషెడ్‌పూర్ వచ్చి అప్పటికి ఆరు వారాలు. సోనారిలో మా సీతారామరావు బాబాయ్ గారి క్వార్టర్లో, అంటే పై అంతస్తులో ఉంటున్నాను. ఆ వరసలో పై వాళ్ళకి బాల్కనీ, కింది వాళ్ళకి తోట. కింద ఉండేది క్రేన్ ఆపరేటర్ తవిటయ్య గారు, ఆయన తల్లి నూకమ్మ గారు, కూతురు పద్మశ్రీ. పద్మశ్రీ కాసిడీహ్‌లో ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. లెక్కల టీచర్ చేత మొదటి రోజే సున్నా వేయించుకున్నవాణ్ణి నేనే అనుకుంటాను.

ఆ మధ్యాహ్నం బాబాయ్ అన్నం తింటూ అసలు సంగతి చెప్పాడు.

"తవిటయ్య ఫిబ్రవరి ఆఖరుకి రిటైర్ అవుతున్నాడ్రా. క్వార్టర్ ఖాళీ చేస్తారు. ఇక్కడి క్రేన్ ఆపరేటర్లలో ఒక పద్ధతుంది, క్వార్టర్ వదిలేటప్పుడు తోటలోని ఆఖరి కాపు వెంట తీసుకెళ్ళకూడదు. కలిసి పనిచేసినవాళ్ళకి పంచి వెళ్ళాలి. తన క్రేన్ బేలో, అంటే ఆ షెడ్డులో కలిసి పనిచేసేవాళ్ళందరికీ ఈ క్యారెట్లతో హల్వా పెడతానని ఏడాది ముందే చెప్పుకున్నాడు."

"తక్కువైతే బజార్లో కొనుక్కోవచ్చుగా బాబాయ్?"

బాబాయ్ అన్నం కలపడం ఆపాడు. "ఆ మాట ఆయన ముందు అనకు. ముప్పై నాలుగేళ్ళు ఎత్తున క్రేన్ క్యాబిన్లో ఒక్కడూ కూర్చుని పనిచేసిన మనిషి. నోట్లోంచి మాట రావడమే కష్టం. అందరికీ చెప్పాలనుకున్నదంతా ఆ హల్వాలోనే చెబుదామనుకున్నాడు. తొమ్మిది సాళ్ళు వేస్తే నువ్వు ఐదు పీకేశావు."

రెండున్నరకి పొద్దుటి షిఫ్ట్ దిగి తవిటయ్య గారు వచ్చారు. బాల్కనీలోంచి చూశాను. సైకిలు గోడకి ఆనించి, మడి దగ్గర నిలబడి, ఖాళీ సాళ్ళ వంక కాసేపు చూశారు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే ఆ రోజు నాకు అన్నం సహించేది.

*

మర్నాడు పొద్దున్నే నేను తోటలో ఉన్నాను. ముందు రోజు పీకిన మొక్కల్ని గిన్నెలో నీళ్ళుపోసి ఉంచాను. వాటిని ఒక్కొక్కటే కుళాయి పక్కన చెంచాతో గుంట తీసి నాటుతుంటే వెనక నవ్వు వినిపించింది.

"క్యారెట్‌ని నాటుతారా ఎవరైనా?" అంది పద్మశ్రీ. శాలువా తల మీంచి కప్పుకుంది, కళ్ళు మాత్రం బాగా కనిపిస్తున్నాయి.

"వంకాయ నాటుతారుగా?"

"వంకాయకి కాయ పైన కాస్తుంది. దీనికి వేరే కాయ. వేరుని ఒకసారి కదిపితే ఇక తిన్నగా దిగదు. రెండుగా చీలుతుంది, వంకర తిరుగుతుంది. క్యారెట్ ఎక్కడ మొలిస్తే అక్కడే ఉండాలి. అందుకే గింజ నేరుగా మడిలోనే వేస్తాం."

"అయితే ఇవి పారెయ్యాలా?"

ఆమె నా మొహం చూసింది. ఏమనిపించిందో గాని, "ఉండనివ్వండి. కుళాయి దగ్గరే కదా, మీ పాపం మీరు పెంచుకోండి," అంది. తర్వాత, "సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గరుండండి. సాక్చీ బజారుకి వెళ్ళి గింజలు తేవాలి," అని లోపలికి వెళ్ళింది.

నాలుగింటికి ఆమె స్కూటీ నడిపింది, నేను వెనక కూర్చున్నాను. నాకు నడపడం వచ్చని రెండుసార్లు చెప్పాను. "కొత్తిమీర తెంపడం కూడా వచ్చని చెప్పారుగా," అంది.

గింజల కొట్టు ముసలాయన తేదీ అడిగి తల అడ్డంగా ఊపాడు. "దేశీ గాజర్ కా టైమ్ గయా బేటీ." ఎర్ర క్యారెట్ దీపావళి వెళ్ళిన వారంలోపే వేసెయ్యాలట. నవంబరు సగం దాటాక వేస్తే నారింజ రంగుదే నయం, చలిని తట్టుకుంటుందని ఒక ప్యాకెట్ ఇచ్చాడు. ప్యాకెట్ మీద 'తొంభై రోజులు' అని ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే ఫోన్లో లెక్క వేసి చూపించాను.

"ఈ రోజు వేస్తే ఫిబ్రవరి పదహారుకి రెడీ. ఇంకా పన్నెండు రోజులు చేతిలో ఉంటాయి."

"లెక్కల టీచర్ని నేను," అంది ఆమె. "మొక్కలకి నా క్లాస్ అక్కర్లేదు, మీక్కావాలి."

*

ఆ సాయంత్రం నూకమ్మ గారు పీట వేసుకుని కూర్చుని నా చేత గింజలు వేయించారు. మట్టిని జానెడు లోతు గుల్ల చేయించారు. ఒక్క రాయి తగిలినా తీసి అవతల వేయమన్నారు.

"పచ్చి పేడ ఎయ్యకు బాబూ, మాగిందే ఎయ్యాల. పచ్చిదేత్తే దుంప నాలుగు పాయలవుద్ది. గింజల్ని పొడిసకలో కలుపు. నేపోతే అన్నీ ఒక్కకాడే పడతాయి."

ఇసకలో కలిపి వేలి గీతంత లోతు సాళ్ళలో చల్లాను. పైన తడి గోనెపట్టా కప్పించారు.

"మరి ఎన్ని రోజులకి కోతకొస్తాయి మామ్మా?" మామ్మా అని ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలియదు.

"నాగుల చవితికి ఎయ్యి, శివరాత్రికి తియ్యి. మా అత్త సెప్పింది, నేను సెప్తన్నాను. నువ్వు చవితి దాటించేసినావు. మరింక అదెప్పుడొత్తే అప్పుడే."

"ప్యాకెట్ మీద తొంభై రోజులని ఉంది."

"ఆ పేకట్టుకి చలేసిందేటి?"

ప్యాకెట్టుకి చలి లేదు, కాని మా మడికి ఉంది. ఐదు రోజులన్నారు, ఏడన్నారు, పది దాటినా మొలక రాలేదు. రోజూ పొద్దున పట్టా అంచు ఎత్తి చూసేవాణ్ణి. పదమూడో రోజున దారప్పోగుల్లాంటి మొలకలు కనిపిస్తే రెండేసి మెట్లు దిగి వాళ్ళ తలుపు కొట్టాను. పద్మశ్రీ నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చి పట్టా లాగేసింది. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని చూశాం.

"ఇప్పుడు లెక్క పెట్టుకోండి," అంది. "గింజ వేసిన రోజు నుంచి కాదు, మొలక కనపడిన రోజు నుంచి."

నేను మనసులో లెక్క మళ్ళీ వేసుకున్నాను. ఫిబ్రవరి ఆఖరు. ఒక్క రోజు కూడా మిగలడం లేదు.

ఆ రోజు నుంచి నా దినచర్య మారిపోయింది. ఆరింటికి లేవడం, దిగడం, నీళ్ళు పెట్టడం. మొదట్లో క్యారెట్ల కోసమే దిగేవాణ్ణని ప్రమాణం చేసి చెప్పగలను. డిసెంబరు సగానికి వచ్చేసరికి ఆ ప్రమాణం చెయ్యలేను. ఆమె అల్లం టీ రెండు గ్లాసుల్లో తెచ్చేది. పిల్లల టెస్ట్ పేపర్లు గోడ మీద పెట్టుకుని దిద్దేది. నేను ఎక్కువ నీళ్ళు పోస్తే తలెత్తకుండానే "బస్" అనేది. ఎప్పుడు మీరు నుంచి నువ్వుకి వచ్చామో గుర్తులేదు. మొలకలు పలచన చేసిన రోజే అయి ఉంటుంది.

ఎందుకంటే ఆ రోజు నేను గొడవపెట్టుకున్నాను. మొక్కకీ మొక్కకీ మూడు వేళ్ళ దూరం ఉంచి మిగిలినవి పీకెయ్యాలట.

"ఐదు సాళ్ళు పీకినందుకు తిట్టారు, ఇప్పుడు మళ్ళీ పీకమంటారు. నా వల్ల కాదు."

"పలచన చెయ్యకపోతే అన్నీ పుల్లల్లా ఉండిపోతాయి, భార్గవ్."

"ఏది ఉంచాలో ఏది తియ్యాలో ఎలా తెలుస్తుంది?"

"అది నాకొదిలెయ్. నువ్వు అటు తిరుగు."

అటు తిరిగి నిలబడ్డాను. పక్కనే ఉన్న ఏరోడ్రోమ్ నుంచి చిన్న విమానం ఒకటి లేచి దల్మా కొండల వైపు పోయింది. వెనక ఆమె ఒక్కో మొక్కా పీకుతూ "సారీ, సారీ" అంటోంది. ఎవరూ వినడం లేదనుకుంటూ మొక్కకి సారీ చెప్పే మనిషిని నేనంతవరకూ చూడలేదు. ఈ అమ్మాయంటే నాకు చాలా ఇష్టమని అప్పుడే తెలిసింది. తెలిసినా అటే తిరిగి నిలబడ్డాను.

*

జనవరిలో కాలం కాని వాన ఒకటి వచ్చింది. దుంపల భుజాలు బయటపడి ఎండ తగిలితే పచ్చబడతాయని మట్టి ఎగదోస్తున్నాం. నేను ఒక దుంప చుట్టూ మట్టి తవ్వి ఎంతైందో చూస్తున్నాను.

"మళ్ళీ తవ్వుతున్నావా?"

"సాంపిల్ చెకింగ్. పోయిన వారం పెన్సిలంత ఉంది."

"ఈ వారం?"

"పెన్సిలంతే ఉంది."

"ఆదివారం ఆదివారం పైకి తీసి చూస్తే అది ఎప్పుడు ఊరుతుంది? దాని పని దాన్ని చేసుకోనివ్వు."

అంతలో చినుకులు పెద్దవయ్యాయి. ఇద్దరం మెట్ల కిందకి పరుగెత్తాం. అక్కడ తవిటయ్య గారి సైకిలు పోగా ఒకటిన్నర మనుషులకి చోటుంది. ఆమె జుట్టు మీద నీటి చుక్కలు నిలిచాయి. చేతుల నిండా మట్టి ఉండటంతో నుదుటి మీది జుట్టుని మోచేత్తో తోసుకోబోయి బుగ్గకి మట్టి పూసుకుంది. నేను చెప్పలేదు. అలాగే బాగుంది.

"ఏం చూస్తున్నావు?"

"వాన."

"వాన అటుంది," అని చెయ్యి చూపించింది. చూపించి తను కూడా అటు తిరగలేదు.

ఏదో అనాలి. అనడానికి నోరు తెరిచాను కూడా. "ఈ వానకి మట్టి గట్టిపడుతుందేమో," అన్నాను. ఆమె "ఆ, పడుతుంది," అని వానలోనే ఇంట్లోకి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా పిన్ని చపాతీలు వత్తుతూ మామూలుగా ఒక వార్త చెప్పింది. పద్మశ్రీ అన్నయ్య సూర్యప్రకాష్ రాయగడలో ఉద్యోగం చేస్తాడు. తవిటయ్య గారు రిటైరయ్యాక ముగ్గురూ అక్కడికే వెళ్తారు. అక్కడే జయప్రకాష్ అని అతని స్నేహితుడున్నాడు, మంచి కుర్రాడు, పద్మశ్రీకి ఆ సంబంధం ఖాయం చేస్తారు.

"ఆ పిల్ల ఏమంది?" అన్నాను, చపాతీ వంక చూస్తూ.

"కాదనలేదట."

ఆ రాత్రి నుంచి నాకు ఆరింటికి మెలకువ వచ్చినా కిందకి దిగలేదు. ట్రైనింగ్ రిపోర్టులున్నాయని పిన్నికి చెప్పాను. బాల్కనీ తలుపు కూడా తీయలేదు. ఒక అమ్మాయి కాదనలేదని తెలిశాక ఆమె క్యారెట్లకి నీళ్ళు పెట్టడంలో మర్యాద ఉండదని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అది మర్యాద కాదు, పిరికితనం. ఆ ముక్క ఇప్పుడు రాస్తున్నాను గాని అప్పుడు ఒప్పుకోలేదు.

శివరాత్రి వచ్చి వెళ్ళింది. పది రోజుల తర్వాత సాయంత్రం డ్యూటీ నుంచి వస్తుంటే నూకమ్మ గారు గేటు దగ్గర పీట మీద కూర్చుని ఉన్నారు.

"బాబూ, నా నాలుగు సాళ్ళూ శివరాత్రికే అందుకున్నాయి. నీయి కూడా ఇంచుమించు అయినాయి. ఎల్లుండి పొద్దున్న పీకుతాం. నువ్వు రావేటి?"

"నాకు డ్యూటీ ఉంది మామ్మా."

"దుంప సంగతి నీకు సెప్పనేదు గావాల. తొరగా పీకితే సప్పగుంతాది. అలాగని ఆలీసం సేసినావనుకో, ఎండ ముదిరిపోద్ది. పువ్వొచ్చేత్తాది. లోపల కర్ర కట్టేత్తాది. అప్పుడింక పీకినా ఒకటే, ఒగ్గేసినా ఒకటే."

ఆవిడ నా మొహంలోకి చూడలేదు. వత్తులు చేసుకుంటూ మళ్ళీ అన్నారు. "రోజూ పీకి సూసినోడివి, పీకాల్సిన రోజు డ్యూటీ అంతన్నావు."

ఆ రాత్రంతా ఆ మాటే. మర్నాడు షిఫ్ట్ దిగి నేరుగా తోటలోకి వెళ్ళాను.

*

పద్మశ్రీ నీళ్ళు పెడుతోంది. కోతకి ముందు సాయంత్రం మడి తడిపితే పొద్దున్న దుంప విరక్కుండా వస్తుంది. నన్ను చూసి పైపు కూడా దించలేదు.

"కంగ్రాచ్యులేషన్స్," అన్నాను.

"కిస్ బాత్ కీ? దేనికి?"

"రాయగడ."

"నీ సాళ్ళకి రోజూ నేనే నీళ్ళు పెట్టాను. దానికి థాంక్స్ చెప్పు ముందు."

"థాంక్స్. నువ్వు కాదనలేదట కదా."

ఆమె కుళాయి కట్టేసింది. "ఏమని కాదంటాను? నాన అడుగుతాడు, ఇక్కడే ఎందుకుంటావు అని. స్కూలు అంటాను. రాయగడలో స్కూళ్ళు లేవేటి అంటాడు. పుట్టిన ఊరు అంటాను. అందరూ పుట్టిన ఊర్లోనే ఉంటున్నారేటి అంటాడు. ఇంకో కారణం కావాలి. ఆ కారణం నేనొక్కదాన్నే చెబితే సరిపోదు. వానలో మెట్ల కింద నిలబడి నీ మొహం చూశాను, చెబుతావని. మట్టి గట్టిపడుతుంది అన్నావు."

ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, కోపం కూడా ఉంది. ఆ రెంటికీ కారణం నేనే.

"పద్దూ, నువ్వు వెళ్ళొద్దు," అన్నాను. "నువ్వంటే నాకు ఇష్టం. నువ్వు మొక్కలకి సారీ చెప్పిన రోజు నుంచి ఇష్టం. మేలో ట్రైనింగ్ అయిపోతుంది, ఇక్కడే పోస్టింగ్ కావాలని జనవరిలోనే రాసిచ్చాను. నీతోటే ఉండాలని ఉంది. ఇది మీ నాన్నగారికి కూడా చెబుతాను."

ఆమె చీర కొంగుతో మొహం తుడుచుకుంది. ముక్కు మీద మట్టి అంటుకుంది. వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టింది.

"గింజలు వేసి ఇవాళ్టికి నూరు రోజులు. ఈ మాట అనడానికి నూరు రోజులు పట్టిందా నీకు?"

"ప్యాకెట్ మీద తొంభై అనే ఉంది."

ఆమె నవ్వింది. పైపు మళ్ళీ తీసి నా బూట్ల మీద నీళ్ళు కొట్టింది.

*

పొద్దున్న అందరూ మడి దగ్గరే ఉన్నారు. తవిటయ్య గారు ఆ రోజుకి సెలవు పెట్టారు. పంచె పైకి కట్టి మొదటి సాలు ఆయనే మొదలుపెట్టారు. నూకమ్మ గారి ఎర్ర క్యారెట్లు ఒక్కొక్కటీ జానెడు, తిన్నగా వచ్చాయి. తర్వాత నా సాళ్ళు. ఆకు మొదలు పట్టుకుని మెల్లగా లాగాను. నారింజ రంగుది, బొటనవేలంత లావు. ఇంకోటి. ఇంకోటి. కొన్ని చూపుడువేలంతే ఉన్నాయి, కాని ఉన్నాయి. నా గుండె కొంచెం కుదుటపడింది.

తవిటయ్య గారు బుట్టల వంక చూసి, "ఒక వంతు తక్కువవుతాదమ్మా," అన్నారు తల్లితో.

"ఆ కుళాయి కాడియ్యి కూడా తియ్యిరా," అన్నారు నూకమ్మ గారు.

నేను అడ్డం వెళ్ళాను. "అవి వద్దు మామ్మా. అవి నేను పీకి మళ్ళీ నాటినవి. బాగుండవు."

ఈలోగా ఆయన పీకేశారు. దుంప మట్టిలోంచి రెండు కాళ్ళతో వచ్చింది. రెండోది మరీ అన్యాయం. రెండు మొక్కలు దగ్గరగా నాటినట్టున్నాను, ఒకదాని కాళ్ళు ఇంకోదాని చుట్టూ మెలేసుకుని ఒక్కటిగా ఊడొచ్చాయి. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తవిటయ్య గారు దాన్ని తిప్పి తిప్పి చూశారు. భుజాలు కదిలాయి. ఆయన నవ్వుతున్నారని అర్థమవడానికి నాకు కాసేపు పట్టింది. బాల్కనీలో ఉన్న బాబాయ్ కూడా నమ్మలేనట్టు వంగి చూశాడు.

ఆయన కుళాయి కింద ఆ రెండు కాళ్ళ దుంప కడిగి, ఒక కాలు విరిచి నోట్లో వేసుకున్నారు. నమిలారు.

"తియ్యగుంది," అన్నారు.

మిగిలిన కాలు చేతిలో తిప్పుతూ మడి వంక చూశారు.

"ఇరవయ్యారేళ్ళప్పుడు నన్నూ ఇలాగే ఏర్లతో పీకీసి తెచ్చి ఈ ఊర్లో ఏసినారు. భాష రాదు, చలికి తట్టుకోనేను. కాళ్ళు అటొకటి ఇటొకటి పోనాయి. తీపి మాత్రం పోనేదు." మిగిలిన కాలు కూతురి చేతిలో పెట్టారు. "పద్దూ. నువ్వు ఇక్కడ మొలిసిందానివి. నిన్ను పీకీసి రాయగడలో ఏసెత్తానని అన్నాను. నువ్వేటీ అననేదు. ఇప్పుడు అడుగుతన్నాను, సెప్పు."

"నేను ఉండిపోతాను నానా," అంది. నా వంక చూసింది. "భార్గవ్‌తో."

నేను ముందుకొచ్చాను. రాత్రంతా కూర్చుని తయారుచేసుకున్న నాలుగు వాక్యాలు ఒక్కటీ గుర్తు రాలేదు. "అంకుల్, పద్మశ్రీని పెళ్ళి చేసుకోవాలనుంది. మీరు ఒప్పుకుంటేనే," అన్నాను. చేతిలో ఇంకా క్యారెట్ ఉంది.

"తెలుసు," అన్నారాయన. "ముప్పై నాలుగేళ్ళు పైనుంచి కిందికి సూసే ఉజ్జోగం నాది. కింద ఎవుడేటి ఎత్తుతన్నాడో, ఎవుడి సెయ్యి జారుతాదో నాకు తెల్దేటి? డిశంబరు నుంచి సూత్తన్నాను. అన్నాళ్ళు నువ్వు రానప్పుడు మాత్రం నీ మీద కోపమొచ్చింది." చేతుల మట్టి దులుపుకుని, "మీ ఇంట్లో ఏటంతారు?" అని అడిగారు.

దానికి జవాబు పైనుంచి వచ్చింది. పిన్ని బాల్కనీ కమ్మీల మీద రెండు చేతులూ పెట్టి నిలబడి ఉంది.

"వాళ్ళమ్మతో నేను మాట్లాడతాను అన్నయ్యగారూ. మా అక్క మూడు రోజులు మాట్లాడదు. నాలుగో రోజు పిల్ల ఫోటో పంపమంటుంది. నాకు తెలుసు. వీణ్ణి కొత్తిమీరకి పంపింది నేనే, ఆ మాత్రం బాధ్యత నాకుంది."

ఆ మధ్యాహ్నమంతా ఆ వరండాలో ఆరుగురం కూర్చుని క్యారెట్లు తురిమాం. వంకర కాళ్ళవాటికి తొక్క తీయడం నా వంతు పడింది. సందుల్లోని మట్టి పోవడానికి పాత టూత్‌బ్రష్‌తో రుద్దాల్సి వచ్చింది. మెలేసుకున్న జంటని మాత్రం తవిటయ్య గారు బుట్టలోంచి తీసి కిటికీ గట్టు మీద పెట్టారు. "అయ్యి ఎయ్యొద్దు," అన్నారు అంతే.

శనివారం, ఆఖరి డ్యూటీ రోజున, ఆయన పెద్ద స్టీలు గిన్నె మోసుకుని గేటు దాటారు. అక్కడ ఏం మాట్లాడారని సాయంత్రం బాబాయ్‌ని అడిగాను. దండ వేశాక మైకు ఇస్తే, "నా తోటలోదే. అందరూ తినండి," అని మైకు తిరిగి ఇచ్చేశారట. గిన్నె ఖాళీ అయ్యేదాకా మాత్రం అక్కడే నిలబడి ప్రతి ఒక్కరికీ తన చేత్తోనే పెట్టారట. కొందరికి రెండోసారి కూడా.

రాయగడ ప్రయాణం ఆగింది. కాసిడీహ్‌లో పద్మశ్రీ స్కూలుకి దగ్గరగా రెండు గదుల ఇల్లు చూశారు. "మట్టుందేటి?" అని ఒక్కటే అడిగారు నూకమ్మ గారు. వెనక నాలుగడుగుల వెడల్పు జాగా ఉందని తెలిశాక సామాను కట్టనిచ్చారు.

మా అమ్మ నాలుగో రోజున ఫోటో అడిగింది. ఆరో రోజున ముహూర్తాల గురించి అడిగింది. వచ్చే మాఘంలో అయితే తీరిగ్గా చేసుకోవచ్చని పిన్ని అంటే, నూకమ్మ గారు ఒప్పుకోలేదు.

"మాగం గీగం కాదు. శ్రావణంలో కానిచ్చీండి. నాగుల చవితికి గింజలేసే ఏలకి ఈలిద్దరూ నా ఇంట్లో ఉండాల."

"ఎందుకు మామ్మా అంత తొందర?" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని నన్ను చూశారు, ఆ మొదటి రోజు చూసినట్టే.

"నువ్వు పీకేత్తావు గదా బాబూ. నీ పక్కన మళ్ళీ ఏసే మనిసుండాల."